తాళంచెవి వంతు

మూకుట్లో నూనె భగ్గున అంటుకున్నప్పుడు ఫకీర్ సాహెబు మసీదులో ఉపవాసం విడుస్తూ ఖర్జూరం నోట్లో వేసుకుంటున్నాడు. ఆడవాళ్ల క్వార్టర్సు తాళంచెవి ఆయన జేబులోనే ఉంది.

అరబ్బు దేశంలోని రువైస్‌లో రిఫైనరీ కంపెనీ ఆడ పనివాళ్లకిచ్చిన క్వార్టర్సంటే పెద్దగా ఏమీ లేదు. ఇనపమంచాలు వరసగా వేసిన పొడుగాటి గది, దాని చివర వంటిల్లు, అంతటికీ ఒకటే తలుపు. పొద్దు గుంకుతుండగా వాచ్‌మన్ ఫకీర్ సాహెబు ఆ తలుపుకు బయటినుంచి తాళం వేస్తాడు, పొద్దున డ్యూటీ బస్సు వచ్చే ముందు తీస్తాడు. గెస్ట్‌హౌసులో, లాండ్రీలో, కంపెనీ ఆస్పత్రిలో పనిచేసే ముప్పై మంది దాకా లోపల ఉంటారు. కడప, నెల్లూరు ముస్లిం ఆడవాళ్లు సగం, కరీంనగర్ జిల్లావాళ్లు కొందరు, మిగిలినవాళ్లు మలయాళీలు.

వంట వంతులవారీగా చేసుకుంటారు. ఎవరి వంతో వాళ్ల మంచం కమ్మీకి పెద్ద గరిటె వేలాడుతుంది. వండి, వడ్డించి, గరిటె కడిగి పక్కమంచానికి తగిలిస్తే మర్నాడు ఆ మంచమామె వండాలి. ఇందులో ఒకరు చెప్పేదీ లేదు, ఇంకొకరు వినేదీ లేదు. ఆ రోజు గరిటె ఐలవ్వది. లాండ్రీలో ఇస్త్రీ చేసే ఐలవ్వది జగిత్యాల పక్క ఊరు. ఆమెకు రోజా ఉపవాసం లేకపోయినా, రోజా ఉన్నవాళ్లకు మిరపకాయ బజ్జీలు వేడివేడిగా అందించాలని ఆరాటం. ఆ ఆరాటంలోనే స్టవ్వు మంట ఎక్కువైంది.

పక్కనే పిండి కలుపుతున్న షహజాదీ బుద్ధి లేకుండా మండుతున్న మూకుడును దించబోయింది. నూనె తొణికి మణికట్టు మీద పడింది. ఐలవ్వ తడి గోనెపట్ట తీసి మూకుడు మీద కప్పేసింది. మంట ఆగింది గానీ పొగ గదంతా కమ్ముకుంది. గెస్ట్‌హౌసులో పనిచేసే వజీరాబీ తలుపు దగ్గరికి పరుగెత్తి రెండు చేతులతో బాదింది. కిటికీ ఊచల్లోంచి చూస్తే ఫకీర్ సాహెబు కుర్చీ ఖాళీగా ఉంది. ఆడవాళ్లంతా ఒకరి భుజం మీదుగా ఒకరు మూతులు ఊచలకు ఆనించి గాలి పీల్చుకుంటూ నిలబడ్డారు. ఎదురుగా రిఫైనరీ గొట్టం మీద మంట ఎప్పట్లాగే ఎగురుతోంది.

నమాజు అయ్యాక ఫకీర్ సాహెబు గడ్డం తుడుచుకుంటూ వచ్చాడు. పొగ చూసిన కంగారులో ఆ పెద్దాయన చెవిని తాళంలో తిరగేసి పెట్టాడు. వజీరాబీయే ఊచల్లోంచి చెయ్యి చాచి, ఇటు కాదు అటు తిప్పమని చెప్పాల్సి వచ్చింది. తలుపు తెరుచుకున్నాక ఆమె ఒక్కమాట అన్నది. "నువ్వు రోజా ఇడిచి వచ్చేలోపల మేం పానాలు ఇడిచిపెట్టేవాళ్లం, చాచా."

ఆయన షహజాదీని తనే ఆస్పత్రికి తీసుకెళ్లాడు. కట్టు కట్టించి తీసుకొచ్చి, అందరూ లోపలున్నారా అని చూసుకుని, మళ్లీ తాళం వేశాడు.

మర్నాడు సేఫ్టీ ఇంజనీరు వచ్చాడు. ఐనార్ అని నార్వే మనిషి, మాట తక్కువ. మాడిన గోడ కన్నా బయట వేలాడుతున్న తాళాన్ని ఎక్కువసేపు చూశాడు. అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. మనుషులు పడుకునే గదికి బయటినుంచి తాళమేమిటి, ఈ రోజే తీసేయాలన్నాడు. వెంట వచ్చిన పర్సనెల్ ఆఫీసరు మార్జరీ మేడమ్ అమెరికా ఆమె. ఆ తాళం కంపెనీ సరదాకి వేసింది కాదని, ఇక్కడికి పంపేటప్పుడు వీళ్ల ఇళ్లవాళ్లే అడిగారని, ఇచ్చిన మాట తను ఒక్కతే తీసేయలేనని చెప్పింది. పంచాయితీ క్యాంపు పెద్ద మేనేజరు దగ్గరికి పోయింది, ఆయన్ని అందరూ ముదీర్ అంటారు. ఎవరితోనూ పేచీ పడని మనిషి కాబట్టి ఆయన ముదీర్ అయ్యాడు. శుక్రవారం క్యాంపు వెల్ఫేర్ కమిటీ ఎన్నిక ఎలాగూ ఉంది, మెస్సు కూరలూ బస్సు టైములూ చూసే ఆ కమిటీయే ఈ తాళం సంగతీ తేలుస్తుందని చేతులు దులుపుకున్నాడు. ఆ కమిటీలో అయిదు కుర్చీలు. వాటిలో ఆడమనిషి కూర్చున్నది ఎవరూ ఎరగరు.

వజీరాబీ పనిచేసేది గెస్ట్‌హౌసు భోజనాల గదిలో. రంజాన్ కాబట్టి కిటికీలకు పరదాలు దించి, ఉపవాసం లేని దొరలకు లోపల భోజనం పెట్టేవాళ్లు. తను ఉపవాసం ఉండి వాళ్లకు కాఫీ పోయడం వజీరాబీకి అలవాటే. రాయచోటి పక్క ఊరి మనిషి, మిషన్ ఆస్పత్రిలో ఆయాగా ఉన్నప్పుడు చెవిన పడ్డ ఇంగ్లీషు ఇప్పుడు పనికొస్తోంది. ఐనార్, మార్జరీ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. కాఫీ అయ్యేదాకా వాదించుకుంటారు, లేచి ఎవరి ఆఫీసుకు వాళ్లు పోతారు. ఆ రోజు వాదన ఆడవాళ్ల కుర్చీల గురించి.

తమ దేశంలో పోయిన వారమే కొత్త సర్కారు వచ్చిందని ఐనార్ చెప్పాడు. పాతది పెట్రోలు మీద పన్ను పెంచబోయి సభలో పడిపోయింది. కొత్త ప్రధాని ఆడమనిషి. పద్దెనిమిది మంది మంత్రుల్లో ఎనిమిది మంది ఆడవాళ్లే. అది గాలికి వచ్చింది కాదన్నాడు. అక్కడ జనం మనిషికి కాదు, పార్టీ ఇచ్చిన పేర్ల వరసకు ఓటు వేస్తారు. ఆ వరసలో ఆడవాళ్లు గానీ మగవాళ్లు గానీ నూటికి నలభైకి తగ్గకూడదని ఆయన పార్టీ రూలు పెట్టుకుంది. ఇక్కడా అలాగే రెండు కుర్చీలు ఆడవాళ్లకని పక్కన పెట్టమన్నాడు.

మార్జరీ ఒప్పుకోలేదు. తమ దేశంలో ఓటు మనిషికి. ఎక్కువ వచ్చినవాళ్లు కూర్చుంటారు, తక్కువ వచ్చినవాళ్లు ఇంటికి పోతారు. నూరుమంది సెనేటులో ఆడవాళ్లు ఇద్దరే అయినా ఆ ఇద్దరూ పోట్లాడి గెలిచినవాళ్లు. రెండేళ్ల కింద ఒకామె ఉపాధ్యక్ష పదవికి నిలబడి ఓడిపోయింది, ఓడిపోయినా నిలబడింది కదా అన్నది. ఉంచి ఇచ్చిన కుర్చీకి విలువేముంటుందని అడిగింది.

"ఈ కంపెనీలో నా కోసం ఎవరూ కుర్చీ ఉంచలేదు. నేనే సంపాదించుకున్నాను" అన్నది.

"అందుకే ఆఫీసర్లలో ఆడమనిషివి నువ్వు ఒక్కదానివే ఉన్నావు" అన్నాడు ఐనార్.

మార్జరీ కప్పు పక్కకు జరిపింది. వజీరాబీ అందులో మళ్లీ కాఫీ పోసింది. ఎవరి మాట వింటే వాళ్లదే నిజమనిపించి ఆమెకు చిరాకేసింది. వాళ్ల ఊరి పంచాయతీలోనూ ఆడవాళ్లకని ఒక కుర్చీ ఉంది. మీటింగుకు మొగుడు పోతాడు, పెళ్లాం వేలిముద్ర ఇంటి దగ్గరే పడుతుంది. నార్వేలో ఆ ఎనిమిది మంది మొగుళ్లు ఏం చేస్తుంటారో అడగాలనిపించింది గానీ అడగలేదు.

సాయంత్రం క్వార్టర్సులో ఈ రెండు దేశాల సంగతీ చెప్పింది. అన్నం తింటూ అందరూ తలో మాటా అన్నారు. ఐలవ్వ నార్వే పక్షం. "కుర్సీ ఏసి పిలిస్తె పోయి కూసుంటం గని, గుంజుకొని కూసుంటె మొగోళ్లు ఊకుంటరా?" అన్నది. మలయాళీ నర్సమ్మలు అమెరికా పక్షం. షహజాదీ ఏ పక్షమూ పట్టలేదు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎవరు గెలిస్తే నాకేంది, ఆ తలుపు తెరిస్తే చాలన్నది. మంట లేచిన రోజు నుంచి ఆ పిల్లకు నిద్ర లేదు. ఉండుండి లేచి తలుపు దాకా పోయి గడియ తడిమి వస్తోంది. అది చూసి వజీరాబీ కమిటీకి తను నిలబడతానని చెప్పింది. తాళంచెవి తలుపుకు ఇవతల ఉండాలి, అంతకు మించి తనకేమీ అక్కర్లేదన్నది.

ముదీర్ అమెరికా పద్ధతికే ఓటేశాడు, అందులో ఖర్చూ లేదు, కాగితాలూ లేవు. శుక్రవారం ఎండ తగ్గాక మెస్సు ముందు మైదానంలో అందరూ చేరారు. ముందంతా మగవాళ్లు, వందల మంది. వెనక గోడ పక్కన ఆడవాళ్లు. మార్జరీ బల్ల ఎక్కి నిలబడి ఒక్కో పేరే పిలుస్తోంది. ఇష్టమైనవాళ్లు చెయ్యి ఎత్తాలి, ఆమె లెక్కపెడుతుంది. ఆడవాళ్ల క్వార్టర్సు మంచీచెడ్డా చూసేది నేనే కదా అని ఫకీర్ సాహెబు కూడా నిలబడ్డాడు. ఆయన పేరుకు అడవిలా చేతులు లేచాయి.

"వజీరాబీ" అని పిలిచింది మార్జరీ.

మగవాళ్లంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. అప్పుడే ఆడవాళ్లకు తెలిసొచ్చింది. చెయ్యి తల మీదికి ఎత్తితే బురఖా చెయ్యి జారి మోచెయ్యి దాకా బయటపడుతుంది. చీరె కట్టినవాళ్లకు కొంగు తొలుగుతుంది. అన్ని వందల కళ్ల ముందు అలా చెయ్యి ఎత్తడం వాళ్లలో ఎవరికీ అలవాటు లేదు. కడప, నెల్లూరు వాళ్లంతా ముసుగుల్లోనే గట్టిగా తలలు ఊపారు. ఐలవ్వ కొంగు బిగించి పట్టుకుని, ఆఁ, ఆఁ అన్నది. మలయాళీ నర్సమ్మలవి మాత్రం నాలుగు చేతులు లేచాయి. మార్జరీ నాలుగే లెక్కపెట్టింది. ముందు వరసల్లో ఎవరో నవ్వారు.

వజీరాబీ చెయ్యి కూడా లేవలేదు. పెదవుల దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. సిగ్గుతో ఆమెకు తల కొట్టేసినట్టయింది. అయిదు కుర్చీలూ మగవాళ్లకే పోయాయి. ఫకీర్ సాహెబు వచ్చి, ఏం దిగులు పడొద్దు బేటీ, మీ తరఫున నేనున్నానుగా అన్నాడు. మనసులో ఏ కల్మషమూ లేకుండానే అన్నాడు, అందుకే ఆమెకు ఇంకా ఒళ్లు మండింది.

పొద్దు గుంకే వేళకు మార్జరీ క్వార్టర్సుకు వచ్చింది. విసురుగా తలుపు తోసుకుని లోపలికి వచ్చి, ఎందుకు చేతులెత్తలేదని నిలదీసింది. మీ కోసం నేను వెనక వరస దాకా చూశాను, మీకే అక్కర్లేకపోతే ఎవరేం చేస్తారన్నది. వజీరాబీ ఆమె ముందుకొచ్చి కుడిచెయ్యి తల మీదికి ఎత్తింది. నల్ల బట్ట సర్రున జారి మోచెయ్యి, దండ బయటపడ్డాయి. అలాగే కాసేపు ఉంచి దించేసింది.

మార్జరీ చూసింది. వెనక్కి పోయి తలుపు మూసి వచ్చింది.

"ఇక్కడ మగవాళ్లెవరూ లేరు. ఇప్పుడు ఎత్తండి" అన్నది.

గాజుల చప్పుడుతో చేతులన్నీ లేచాయి. షహజాదీ కట్టు ఉన్న చెయ్యే ఎత్తింది. మార్జరీ ఈ చివర నుంచి ఆ చివరకు లెక్కపెట్టింది, ఆ చివర నుంచి ఈ చివరకు మళ్లీ లెక్కపెట్టింది. ఇక చాలు, దించండని చెప్పి, తలుపు దగ్గరికి పోయి లాగింది. రాలేదు.

ఫకీర్ సాహెబు పాపం రోజులాగే వచ్చాడు. తలుపు మూసి ఉంది, లోపల గాజుల చప్పుడు వినబడింది, అందరూ వచ్చేశారనుకున్నాడు. తాళం వేసి మసీదుకు పోయాడు.

మార్జరీ తలుపు కొట్టింది. అరిచింది. కిటికీ ఊచలు పట్టుకుని బయటికి చూసింది. ఆయన ఎప్పుడొస్తాడని అడిగింది. నమాజు అయ్యాక వస్తాడని వజీరాబీ చెప్పింది. అప్పటిదాకా ఏం చెయ్యాలని అడిగింది. ఏం చేస్తాం, కూర్చుంటామని చెప్పింది. అజాన్ వినబడగానే ఆడవాళ్లు చాపలు పరిచి ఉపవాసం విడిచారు. మార్జరీ చేతిలోనూ ఒక బజ్జీ పెట్టారు. ఆమె వజీరాబీ మంచం మీద కూర్చుని దాన్ని కొరికింది, కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంది, అయినా చూపు తలుపు మీంచి తియ్యలేదు. మాడిన గోడ ఆమెకు ఎదురుగానే ఉంది. షహజాదీ గ్లాసుతో నీళ్లిస్తే అందుకుని, ఆ పిల్ల చేతి కట్టు కేసి చూసింది. ఫకీర్ సాహెబు వచ్చి తలుపు తీసి, లోపలినుంచి వస్తున్న ఆఫీసరమ్మను చూసి రాయిలా నిలబడిపోయాడు. ఆమె ఆయన్ను పల్లెత్తు మాట అనకుండా నడిచి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే ముదీర్ గదిలోంచి ఆమె గొంతు వరండా దాకా వినిపించిందని టైపిస్టు చెప్పాడు. మధ్యాహ్నానికి ఆరో కుర్చీ వచ్చింది. ఆడవాళ్ల కుర్చీ, ఓటు ఆడవాళ్లదే, లెక్క తలుపు మూసి. భోజనాల బల్ల దగ్గర ఆమె ఐనార్‌తో, ఒక్క కుర్చీ, ఈ ఒక్కసారికే, దీంతో నేను నీ దారికి వచ్చాననుకోకు అన్నది. ఐనార్ నవ్వలేదు. పంచదార ఆమె వైపు జరిపాడు.

కమిటీ తొలి మీటింగులో వజీరాబీ చెప్పిన మాట ఒకటే, తాళంచెవి లోపలుండాలి. ఐనార్ పక్కనుండి నిప్పు సంగతి చెప్పాడు. మార్జరీ ఒక సాయంత్రం తనెక్కడుందో చెప్పింది. ఫకీర్ సాహెబు లేచి జేబులోంచి చెవి తీసి బల్ల మీద పెట్టాడు. ఇన్నేళ్లూ కన్నబిడ్డల్లా కాపాడానని, ఇంటి గౌరవం ఇప్పుడిక మీ చేతుల్లోనే అని అన్నాడు. వజీరాబీకి జాలేసింది, అయినా చెవి తీసుకుంది. తాళం తలుపుకు ఇవతలికి మారింది. చెవిని ఆమె కొంగున ముడివేసి నడుములో దోపుకుంది. ఆ రాత్రి షహజాదీ గడియ తడమలేదు. తెల్లారేదాకా ఒళ్లు తెలియకుండా పడుకుంది.

రెండు రోజులు అంతా బాగానే ఉంది. మూడోనాడు ఉపవాసం విడిచాక షహజాదీ బురఖా వేసుకుని, ఐలవ్వను తోడు తీసుకుని వజీరాబీ దగ్గరికి వచ్చింది. చెవి ఇమ్మని చెయ్యి చాపింది.

"యాడికి?" అన్నది వజీరాబీ.

బజారు దాకా అన్నది షహజాదీ. బజారులో ఏం పని? టెలిఫోను. ఎవరికి? అమ్మకు. ఎప్పుడొస్తారు? ఇప్పుడే పోయి ఇప్పుడే వస్తాం ఆపా. పోయిన వారమే గదా మాట్లాడినావ్, మళ్లా ఏముండాది? షహజాదీ తల దించుకుంది. చాచిన చెయ్యి అలాగే ఉంది, కట్టు విప్పిన చోట లేత చర్మం ఎర్రగా మెరుస్తోంది. వజీరాబీ నడుములో చెవి మీద చెయ్యి వేసుకుని, ఇంత పొద్దుపోయి ఆడపిల్లలు తిరిగితే రేపు ఎవరన్నా ఏమన్నా అంటే కమిటీలో తలెత్తుకునేది నేను గదా అన్నది.

"ఫకీర్ సాహెబు గూడ గిన్ని అడగకపోతుండె" అన్నది ఐలవ్వ. కోపంగా అనలేదు. అని, షహజాదీ భుజం పట్టుకుని వెనక్కి తీసుకుపోయింది.

వజీరాబీకి చెంప మీద కొట్టినట్టయింది. తను అడిగిన మాటలు ఒక్కొక్కటీ, తలుపు తీయమన్నప్పుడల్లా చాచా తనను అడిగినవే, అదే వరసలో. కిటికీలోంచి చూస్తే ఆయన కుర్చీలో కూర్చుని తస్బీహ్ పూసలు తిప్పుతున్నాడు. తాళం లేకపోయినా రోజూ వచ్చి కూర్చుంటున్నాడు. అందరూ నిద్రపోయారనుకున్నాక ఆమె కాసేపు ఏడ్చింది.

మర్నాడు కాఫీ పోస్తూ, ఉండబట్టలేక, ఇద్దరినీ కలిపి ఒక మాట అడిగింది. కుర్చీ ఎక్కిన ఆడవాళ్లు మీ దేశాల్లో ఎప్పుడు దిగుతారు? ఆ ప్రశ్న ఎటునుంచి వచ్చిందో తెలియక వాళ్లు ముఖాలు చూసుకున్నారు. ఆడయినా మగయినా సభకు నమ్మకం పోతే ఏ రోజైనా దిగాల్సిందేనని ఐనార్ చెప్పాడు, పాత సర్కారు దిగింది అలాగే. మార్జరీ మాత్రం వేళ్లు చూపించింది.

"మా అధ్యక్షుడు రెండుసార్లు. తర్వాత ఎంత మంచివాడైనా ఖలాస్, ఇంటికే."

ఆ మాట మీదే వాళ్లిద్దరూ మళ్లీ మొదలుపెట్టారు. జనానికి నచ్చినవాణ్ణి దించడమెందుకని ఐనార్, నచ్చాడనే దించాలని మార్జరీ. వజీరాబీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లింది.

ఆ సాయంత్రం గరిటె షహజాదీ మంచానికి వేలాడుతోంది. వజీరాబీ కొంగు ముడి విప్పి, చెవికి పురికొస కట్టి, గరిటె తోక రంధ్రంలోంచి దూర్చి గట్టిగా ముడివేసింది. మంచం మీద కూర్చున్న షహజాదీ పక్కకు జరిగి చోటిచ్చింది. ఐలవ్వ దూరంనుంచి చూసి, ముడి సరిగ్గా పడలేదని వచ్చి తనే మళ్లీ వేసింది. ఎవరి గరిటో వాళ్లదే చెవి. రేపు గరిటె పోయే చోటికి చెవీ పోతుంది.

ఉపవాసం విడిచాక వజీరాబీ బురఖా వేసుకుని వంటింట్లోకి వచ్చింది. షహజాదీ ఒక చేత్తో పులుసు కలుపుతూనే, రెండో చేత్తో ముడి విప్పి చెవి ఆమె చేతిలో పెట్టి, మళ్లీ పొయ్యి వైపు తిరిగింది. వజీరాబీ కదల్లేదు. ఎక్కడికని అడుగుతుందేమోనని అక్కడే నిలబడింది. పులుసు పొంగు వచ్చింది, షహజాదీ మంట తగ్గించింది.

"టెలిఫోను దాకా పోయొస్తా. ఊళ్లో బిడ్డతో మాట్లాడాల" అన్నది వజీరాబీ చివరికి.

"నేను అడగలే గదా, ఆపా" అన్నది షహజాదీ.